రెండున్నర తులాల విమానం

లండనుకు ఉత్తరంగా ఏభై మైళ్ల దూరాన బెడ్‌ఫర్డ్ అనే పట్టణం వుంది. ఊరి నడుమ ఊజ్ నది ఏ తొందరా లేకుండా పారుతూ వుంటుంది, దానిమీద హంసలు. పదిహేడవ శతాబ్దంలో జాన్ బన్యన్ అనే మతప్రచారకుడు పన్నెండేళ్లు చెరలో మగ్గింది ఈ ఊళ్లోనే. 1950లలో ఇక్కడి ఇటుక బట్టీలలో పనికి ఇటలీనుంచి జనం వచ్చి స్థిరపడ్డారు. తరువాత పంజాబీలు వచ్చారు. ఆ పిమ్మట మనవాళ్లూ వచ్చారు. ఇప్పుడు ఇక్కడ కరివేపాకుకు గూడా కరువు లేదని మా మరదలు ధీమాగా చెబుతుంది.

అయితే బెడ్‌ఫర్డ్ పొలిమేర దాటినవాడి కళ్లను పట్టి లాగేవి నదీ కాదు, చర్చి శిఖరాలూ కావు. మూడు మైళ్లలోపు దూరంలో కార్డింగ్టన్ అనే పల్లె పక్కన, చదునైన పొలాల మధ్య, రెండు బ్రహ్మాండమైన షెడ్లు నిలిచి వున్నాయి. ఒక్కొక్కటి 800 అడుగుల పైచిలుకు పొడవు, సుమారు 157 అడుగుల ఎత్తు. పదిహేను అంతస్తుల మేడను చుట్టచుట్టి లోపల పెట్టవచ్చు. దగ్గరికి వెళ్లేకొద్దీ అవి పెద్దవి కావడం మానేసి, ఆకాశంలో కొంత భాగాన్ని ఎవరో మూసివేసినట్టు కనబడతాయి. నేను 2024 దసరా సెలవులకు మా తమ్ముడింటికి వెళ్లినప్పుడు వీటిని చూశాను. చూడడానికి కారణం మాత్రం చరిత్రమీది మక్కువ కాదు. మా మేనల్లుడు చేయదలచిన ఒక బొమ్మ విమానం.

వాడికి పదమూడేళ్లు. రేడియోతో నడిచే విమానం సొంతంగా చేసి, ఇంటి కప్పుకింద ఎగరేయాలని వాడి కోరిక. చేతిలో ఒక పెట్టె వుంటుంది, దానిమీద రెండు పుల్లలుంటాయి. వాటిని కదిపితే గాలిలోని విమానం పైకి లేస్తుంది, పక్కకు తిరుగుతుంది. ఆరుబయట ఎగరేయవచ్చు గదా అంటే, ఆ దేశంలో అక్టోబరు మొదలు మార్చి దాకా గాలి, వాన, పెందలాడే చీకటి. అందుచేత అక్కడి ఔత్సాహికులు చలికాలమంతా ఆటల హాళ్లను గంటల లెక్కన అద్దెకు తీసుకుంటారు. మావాడి పాఠశాల దగ్గర అటువంటి హాలు ఒకటి వుంది. గురువారం సాయంకాలాలు అక్కడ విమానాల వాళ్లు చేరతారు.

ఏ విమానం అనేదానిమీద ఇంట్లో మూడు పక్షాలు ఏర్పడ్డాయి. మావాడిది స్పిట్‌ఫయరు పక్షం. రెండవ ప్రపంచ యుద్ధంలో లండనును కాపాడిన ఆ యుద్ధవిమానం బొమ్మ వాడి మంచం పైన గోడకు అంటించి వుంది. దాని పటాలు సంపాదించి, గుండ్రని దేహం, కోలగా వుండే రెక్కలు, మచ్చల రంగు, లోపల పైలటు, అన్నీ గీసుకుని కూర్చున్నాడు. మా తమ్ముడిది కొనే పక్షం. "ఎందుకక్కయ్యా ఈ జిగురూ గోలా, దుకాణంలో తయారుగా దొరుకుతుంది," అన్నాడు. మా మరదలిది వద్దనే పక్షం. "హాల్లో ఎవరి కంట్లో గుచ్చుకున్నా మనదే పూచీ వదినా," అంది. ముగ్గురి మాటా కొట్టిపారేయదగ్గది కాదు.

నేను వెళ్లిన మరునాడే గురువారం. వాణ్ణి వెంటబెట్టుకుని హాలుకు వెళ్లాను. నాలుగు బాడ్మింటన్ కోర్టులు పట్టే హాలు అది. వెడల్పు అరవై అడుగులు. రెండు కొసలా బాస్కెట్‌బాల్ చట్రాలు, పైన ఇనుప దూలాలు, దూలాల మధ్య దీపాలు. వేడిగాలి ఊదే యంత్రాన్ని విమానాల వేళకు ఆపివేస్తారు. ఆ గాలికి చిన్న విమానాలు తుంపరల్లాగా కొట్టుకుపోతాయట. గోడవారగా పదిహేనుమంది, చాలామంది ఉద్యోగాలు విరమించినవారు, చలికోట్లు వేసుకుని ఫ్లాస్కుల్లోని టీ తాగుతూ కూర్చున్నారు. దూలాల్లో ఇరుక్కున్న విమానాన్ని దించడానికి ఒక పొడుగాటి గేలపుకర్ర మూలకు ఆనించి వుంది.

తలుపు పక్క బల్లమీద బంగారం తూచేటటువంటి చిన్న త్రాసు ఒకటి పెట్టారు. గ్రాములో పదోవంతు చూపుతుంది. దాని వెనక ఒక వృద్ధుడు కూర్చున్నాడు. మావాడు స్పిట్‌ఫయరు పటం విప్పి చూపించాడు. ఆయన పటంవైపు ప్రేమగానే చూసి, "ఎంత తూగుతుంది?" అని అడిగాడు. మావాడు తెల్లబోయాడు. ఎంత పొడవు, ఎంత వేగం, ఏ రంగు అని అడిగితే జవాబులున్నాయి వాడి దగ్గర. బరువు సంగతి ఎవరూ అడగలేదు.

అప్పుడు ఆ పెద్దాయన హాలు మధ్యకు తీసుకువెళ్లి మాకు చెప్పిన పాఠం లెక్కల మేష్టారెవరైనా మెచ్చుకునేది. విమానం మలుపు తిరగాలంటే ఒక రెక్క దించి పక్కకు ఒరగాలి. ముప్పై డిగ్రీలు ఒరిగి, సెకనుకు మూడు మీటర్ల వేగంతో, అనగా మనిషి తాపీగా పరుగెత్తే వేగంతో తిరిగితే, ఆ వృత్తం వ్యాసార్ధం 1.6 మీటర్లు. అదే ఒరుగుడుతో ఆరు మీటర్ల వేగమైతే 6.4 మీటర్లు. వేగం రెండింతలు, వృత్తం నాలుగింతలు. హాలు వెడల్పు అరవై అడుగులైనా గోడకు పదేసి అడుగులు వదిలితే మిగిలేది నలభై, అంటే పన్నెండు మీటర్లు. ఆరు మీటర్ల వేగంతో పోయే విమానం అందులో ఒక్క చుట్టు గూడా తిరగలేదు. ఎంత నేర్పరి అయినా గోడను జరపలేడు గదా!

మరి వేగం దేనిని బట్టి వుంటుంది? మోటారును బట్టి అని మావాడు అనుకున్నాడు. కాదు. గాలిలో నిలవడానికి కావలసిన కనీస వేగాన్ని నిర్ణయించేది బరువుకూ రెక్క వైశాల్యానికీ వున్న నిష్పత్తి. ఒకే రెక్కమీద బరువు రెట్టింపు చేస్తే వేగం సుమారు నూటికి నలభై పెరుగుతుంది, మలుపు వృత్తం రెట్టింపవుతుంది. వేగాన్ని సగం చేయాలంటే బరువును నాలుగో వంతుకు దించాలి. నూరు చదరపు సెంటీమీటర్ల రెక్కకు మూడు నాలుగు గ్రాములు మించకపోతే ఈ హాలులో హాయిగా ఎగురుతుందని ఆ పెద్దాయన లెక్క. ముందు హాలు కొలుచుకో, దానినుంచి వేగం, వేగంనుంచి బరువు, బరువునుంచి విమానం. మావాడు సరిగ్గా రెండో చివరనుంచి మొదలుపెట్టాడు. ఆ మాటకొస్తే ప్రపంచంలో అందరం విమానాన్ని కళ్లతోనే ఎంచుకుంటాము.

ఇంటికి వచ్చి లెక్క వేశాము. అరవై సెంటీమీటర్ల స్పిట్‌ఫయరుకు రెక్క వైశాల్యం సుమారు 640 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. గుండ్రని దేహం, రంగు, పైలటుతో సహా ఎంత పొదుపుగా చేసినా 80 గ్రాములకు తగ్గేటట్టు లేదు. వేగం సెకనుకు ఐదు మీటర్లు. తిరిగే వృత్తం అడ్డకొలత ముప్పై అడుగులు. నలభై అడుగుల జాగాలో ముప్పై అడుగుల చుట్టు! చేయి తిరిగినవాడు తిప్పగలడు. మొదటిసారి పుల్లలు పట్టే పిల్లవాడు తిప్పలేడు. పైగా స్పిట్‌ఫయరు రెక్కలు కొసలకు సన్నబడతాయి. నెమ్మదిగా నడిపితే అటువంటి రెక్క కొస హఠాత్తుగా పట్టు తప్పి విమానం గిర్రున తిరిగి పడుతుంది. లెక్క చూసి వాడు మాట్లాడలేదు. భోజనం గూడా సరిగా చేయలేదు. ఆ వయసులో ఇష్టమైన దాన్ని ఒక కూడికా తీసివేతా వచ్చి కాదనడం చిన్న దెబ్బ కాదు.

ఆ మర్నాటి శనివారం కార్డింగ్టన్ వెళ్లాము. తేదీ అక్టోబరు 5. కావాలని చూసుకుని వెళ్లింది కాదు గాని, ఆ ఊరికి అది మామూలు రోజు కాదు.

ఆ షెడ్లలో మొదటిదానిని మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వాయునౌకల కోసం కట్టారు. వాయునౌక అంటే ఉదజని వాయువు నింపిన సంచులను ఒక పెద్ద చట్రంలో పేర్చి, పైన గుడ్డ తొడిగిన ఓడ. 1920లలో బ్రిటిషు ప్రభుత్వానికి ఒక ఆలోచన వచ్చింది. ఓడమీద వారాలు పట్టే ఇండియా ప్రయాణాన్ని వాయునౌకమీద కొద్ది రోజుల్లో ముగించాలని. అందుకోసం ప్రభుత్వమే ఇక్కడ ఆర్ 101 అనే వాయునౌకను కట్టింది. దానికి చాలక షెడ్డు కప్పును పైకి లేపి, పొడవు పెంచారు. గమ్యం కరాచీ, అప్పటికది మన దేశంలోని ఊరే. అక్కడ గూడా ఒక మహా షెడ్డు కట్టి వుంచారు.

ఆర్ 101 కథ బరువు కథ. మన ఎండలకు పెట్రోలు ఆవిరై అంటుకుంటుందేమోనని భయపడి డీజిలు ఇంజన్లు పెట్టారు; అవి అనుకున్నదానికంటే ఎంతో బరువు తూగాయి. ఐదింటిలో ఒకటి మొదట్లో కేవలం వెనక్కి నడపడానికే వుండేది! లోపల భోజనశాల, విశ్రాంతి మందిరం, ఉదజని సంచుల కిందనే పొగ తాగే గది గూడా. తన సొంత బరువు పోను 60 టన్నులు మోస్తుందనుకున్న నౌక తీరా తేలిస్తే 35 టన్నులే మోయగలిగింది. అప్పుడు మొదలైంది తీసివేత. పన్నెండు పడకగదులు తీసేశారు. కిటికీల అద్దాలు తీసి తేలికపాటి పారదర్శక రేకులు బిగించారు. చుక్కానులను తిప్పే సర్వో యంత్రాన్ని తీసేశారు. అదీ చాలక నౌకను నడుమకు కోసి, ఒక కొత్త సంచి పట్టే భాగాన్ని అతికి 777 అడుగులకు పొడిగించారు.

వైమానిక శాఖ మంత్రి థామ్సన్ ప్రభువు ఇండియా వెళ్లి సామ్రాజ్య సమావేశం ముగియకముందే తిరిగి రావాలనుకున్నాడు. గాలివానలో పూర్తి వేగంతో పరీక్ష జరగకుండానే 1930 అక్టోబరు 4 సాయంకాలం నౌక బయలుదేరింది. వానలో తడుస్తూ, కిందకు జారుతూ ఫ్రాన్సు దాకా వెళ్లి, తెల్లవారితే 5వ తేదీ అనగా రాత్రి రెండు దాటాక బోవే పట్టణం దగ్గర కొండవాలును తాకి తగలబడిపోయింది. 54 మందిలో 48 మంది పోయారు, మంత్రితో సహా. కరాచీ షెడ్డు తనకోసం వచ్చే నౌకను ఒక్కనాడూ చూడలేదు.

ఆ నలభై ఎనిమిది మందినీ కార్డింగ్టన్‌లోనే ఒకే సమాధిలో పూడ్చారు. దానికి ఎదురుగా సెంట్ మేరీ చర్చి. మంటల్లో సగం మాడిన నౌక పతాకం ఆ చర్చి గోడమీద ఇప్పటికీ వుంది. మేము వెళ్లేసరికి సమాధి దగ్గర కొత్త పూలు వున్నాయి. మావాడు రాతిమీది పేర్లు మొదటినుంచి చివరిదాకా చదివాడు. తరువాత, "అత్తయ్యా, బరువు ఎక్కువని వాళ్లకు ముందే తెలుసా?" అని అడిగాడు. తెలుసన్నాను. "మరి వెళ్లొద్దని ఎవరూ చెప్పలేదా?" ఇంజనీర్లకు తెలిసినదల్లా మంత్రులదాకా చేరదు, చేరినా తేదీలు మారవు, కాని ఆ సంగతి పదమూడేళ్లవాడికి ఎట్లా చెప్పడం? ఆర్ 101కు పోటీగా ఆర్ 100 అనే నౌకను కట్టినవారిలో నెవిల్ షూట్ అనే ఇంజనీరు వుండేవాడు, తరువాత పెద్ద నవలాకారుడైనవాడు. ఆయన దీన్ని గురించి తన ఆత్మకథలో రాశాడు, పెద్దవాడివయ్యాక చదువు అన్నాను. ఆ ఆర్ 100 అదే సంవత్సరం కెనడా వెళ్లి క్షేమంగా తిరిగి వచ్చింది. అయినా ఈ ప్రమాదం తరువాత దాన్ని గూడా విరగ్గొట్టి తుక్కు కింద అమ్మేశారు.

నౌకలు పోయినా షెడ్లు మిగిలాయి. అంత పెద్ద కప్పుకింద, గాలి కదలని చోట, ఎన్నో ఏళ్లపాటు విమానాల ఔత్సాహికులు పోటీలు పెట్టుకున్నారు. 1970లలో ప్రపంచ పోటీలు గూడా ఇక్కడ జరిగాయి. అవి రేడియో విమానాలు కావు. రబ్బరు దారం మెలిపెట్టి వదిలేవి. ఈనాటి పోటీ విమానం, రబ్బరును మినహాయిస్తే, ఒకటిన్నర గ్రాము తూగదు. రెక్కకు తొడిగిన పొర ఉల్లిపొరకంటే పలచన. ప్రొపెల్లరు తిరుగుతుంటే లెక్క పెట్టవచ్చు. అటువంటిది అరగంటకు పైగా గాలిలో వుంటుంది. వంద టన్నులు మించిన నౌక కోసం కట్టిన ఇంట్లో గ్రామున్నర విమానం! ఇప్పుడు ఒక షెడ్డులో సినిమాలు తీస్తున్నారు. బాట్‌మాన్ చిత్రాలు కొన్ని అక్కడ తీసినవే. మేము రోడ్డుమీదనుంచే చూసి తృప్తిపడ్డాము.

అక్కడికి కొద్ది మైళ్ల దూరంలో ఓల్డ్ వార్డెన్ అనే పల్లె. చిన్న పచ్చిక మైదానం పక్కన షటిల్‌వర్త్ సంగ్రహం అనే పాత విమానాల ప్రదర్శనశాల వుంది. ఇక్కడి విశేషమేమంటే వాటిలో చాలా మటుకు ఇప్పటికీ ఎగురుతాయి. మావాడు తిన్నగా స్పిట్‌ఫయరును వెతుక్కుంటూ పోయాడు. నేను మాత్రం 1909నాటి బ్లేరియో విమానం ముందు ఆగిపోయాను.

లూయీ బ్లేరియో అనే ఫ్రెంచివాడు 1909 జూలై 25న ఇంగ్లీషు చానలును దాటినది ఇటువంటి విమానంమీదనే. ఇరవై అయిదు గుర్రాల శక్తిగల మూడు సిలిండర్ల ఇంజను. ఈ కాలపు మోటారు సైకిలు నవ్వుతుంది. దేహం వెనుక భాగానికి గుడ్డే లేదు. కర్రలూ, అడ్డతీగెలూ, అంతే. ఎముకలు కనబడే ఎద్దులాగా వుంది. రెక్కలు మాత్రం వెడల్పుగా, పలచగా, కొసదాకా ఒకే తీరున వున్నాయి. అప్పటివాళ్లకు బలమైన ఇంజన్లు లేవు కనుక తేలికగా కట్టక తప్పలేదు. మా హాలులో జాగా లేదు కనుక మాకూ తప్పదు. ఆ పెద్దాయన చెప్పిన లెక్కకు ఇంతకంటే సరిపోయే విమానం ఇంకేముంటుంది?

మావాడిని పిలిచి చూపించాను. మొదట మూతి ముడిచాడు. "ఇది విమానంలా లేదత్తయ్యా, నులకమంచంలా వుంది," అన్నాడు. కాగితం తీసి లెక్క వేయమన్నాను. అరవై సెంటీమీటర్ల బ్లేరియోకు రెక్క వైశాల్యం 830 చదరపు సెంటీమీటర్లు వచ్చింది. స్పిట్‌ఫయరు కంటే 190 ఎక్కువ, దేహం బరువు దాదాపు సున్న. వాడు మళ్లీ ఒకసారి విమానం చుట్టూ తిరిగి వచ్చాడు. ఈసారి తీగెలు ఎన్ని వున్నాయో లెక్కపెట్టుకున్నాడు. పక్కనే వున్న రెన్ అనే చిన్న విమానం గూడా వాడికి నచ్చింది. 1923లో ఒక పోటీలో గాలను పెట్రోలుతో ఎనభై ఏడున్నర మైళ్లు పోయిన పొదుపరి అది. కాని దాని రెక్కలు పొడుగ్గా, సన్నగా వుంటాయి. గోడకు ఒకసారి తగిలితే చేపముల్లులా విరుగుతాయి. బాక్సుకైటు అనే రెండంతస్తుల రెక్కల విమానం ఇంకొక అభ్యర్థి. పొట్టి జాగాలో ఎక్కువ రెక్క కావాలంటే రెండంతస్తులే మంచిది గాని, ఆ నిట్టాడులూ తీగెలూ సరిగ్గా నిలబెట్టడం తొలిసారి చేసేవాడికి శిక్ష. చివరకు బ్లేరియో ఖాయమైంది.

ఆదివారంనుంచి బుధవారం దాకా మా తమ్ముడింటి భోజనాల బల్లమీద అన్నం పెట్టుకునే చోటు లేదు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ఇంట్లో చేయడమంటే అన్నీ ఇంట్లో చేయనక్కరలేదు. పేగులు కొనుక్కోవాలి, ఒళ్లు చేసుకోవాలి. బాటరీ, మోటారు, రిసీవరు, సర్వోలు దుకాణంలోవి. రిసీవరులోనే రెండు చిన్న సర్వోలు ఇమిడి వుండేది ఒకటి దొరుకుతుంది, ఐదు గ్రాముల లోపు. పళ్లచక్రమూ ప్రొపెల్లరూ కలిపి మోటారు ఐదు గ్రాములు. ఒకే గది వున్న లిథియం బాటరీ నాలుగు గ్రాములు. మొత్తం పద్నాలుగు. వీటిని ఒక విమానంలోంచి తీసి ఇంకొకదానిలో పెట్టుకోవచ్చు. ఒంటికి మరో పదిహేను గ్రాములు మించకూడదని మావాడు గోడకు అంటించిన కాగితంమీద రాశాడు. మొత్తం 29 గ్రాములు. మా అమ్మ కాలపు లెక్కలో రెండున్నర తులాలు. ఒక మోస్తరు గొలుసు బరువు.

రెక్కలకు మూడు మిల్లీమీటర్ల నురుగుపలక వాడాము. మన థర్మోకోలు జాతిదే గాని, పూసలు పూసలుగా రాలకుండా నున్నగా వుంటుంది. చదరపు మీటరు సుమారు నూరు గ్రాములు. పాతకాలం వాళ్లు బాల్సా కర్ర వాడేవారు. ఈక్వడార్ అడవులనుంచి వచ్చే తేలిక కర్ర అది. చేయడం ముచ్చటగా వుంటుంది గాని, విరిగిందంటే ఆ రాత్రికి ఆట ముగిసినట్టే. నురుగులోనే వంగినా విరగని రబ్బరులాంటి రకం ఒకటి వుంది. దెబ్బలకు గట్టిది, కాని మెత్తన కనుక సన్నని రెక్కకు వాడితే అల్లాడుతుంది. రెక్కకు వెన్నెముకగా మిల్లీమీటరు లావు కార్బన్ పుల్ల. మీటరు పుల్ల ఒకటింబావు గ్రాము. జిగురు దగ్గర జాగ్రత్త: క్షణంలో అంటుకునే మామూలు జిగురు ఈ నురుగును కరిగించి గుంటలు చేస్తుంది. నురుగుకు పనికివచ్చేది వేరే అడిగి తెచ్చుకోవాలి. జిగురు తూగదనుకుంటాము, బొట్టుబొట్టూ చేరి రెండు గ్రాములవుతుంది.

రెక్కలను కొద్దిగా పైకి ఎత్తి, చేతులు చాచి దీవించినట్టు అతికాము. అట్లా వుంటే చుక్కాని తిప్పగానే విమానం దానంతట అదే ఒరిగి తిరుగుతుంది, రెక్కలకు విడిగా మరలు అక్కరలేదు. ఆ మేరకు ఒక సర్వో బరువు మిగిలింది. మలుపుకు చుక్కాని, పైకీ కిందకూ ఎలివేటరు, వేగానికి మోటారు. మూడే మూడు పగ్గాలు.

మంగళవారం రాత్రి తూచితే 32.4 గ్రాములు. మూడున్నర గ్రాములు ఎక్కడినుంచి వచ్చాయి? వాడు నిద్రమానుకుని ఒక్కొక్క ముక్కా తూచాడు. రంగు ఒక గ్రాము పైన. చక్రాలు గ్రాము. తీగెలకు బదులు కట్టిన దారాలు, ముడులతో, అర గ్రాము. తండ్రి వెనకనుంచి వచ్చి, "మూడు గ్రాములకేం మునిగిందిరా, మోటారు కాస్త గట్టిగా తిప్పు," అన్నాడు. వాడు తల ఎత్తకుండానే, "ఆర్ 101 వాళ్లూ అట్లాగే అనివుంటారు నాన్నా," అన్నాడు. మా తమ్ముడు కార్డింగ్టన్‌కు రాలేదు కనుక వాడికేమీ అర్థం కాలేదు. చక్రాలు పోయాయి; వాటి స్థానంలో రెండు తీగె వంకులు. రంగును ఉప్పుకాగితంతో గీకేశాడు. దారాలు సగం విప్పేశాడు. కాగితంతో చేసిన పైలటును మాత్రం తీయనన్నాడు. అర గ్రాము. "నడిపేవాడు లేకుండా ఎట్లా?" అన్నాడు. ఆ ఒక్కటీ ఒప్పుకున్నాను. చివరకు 29.3.

బరువు ఎంతో చూస్తే చాలదు, ఎక్కడుందో గూడా చూడాలి. రెక్క వెడల్పులో ముందునుంచి మూడోవంతు దగ్గర రెండు వేళ్లమీద నిలబెడితే విమానం సమంగా తూగాలి. బాటరీని ముందుకూ వెనక్కూ జరిపి దాన్ని సాధించాడు. పడకగదిలో పరుపుమీదకు మోటారు లేకుండా పదిసార్లు విసిరి చూశాడు. ముక్కు దించకుండా, తోక వేలాడకుండా, పావురం వాలినట్టు వాలేదాకా జరిపాడు. బాటరీని చార్జింగుకు పెట్టి పక్కనుంచి లేవకూడదని, ఉబ్బినదాన్ని మళ్లీ వాడకూడదని మా మరదలు షరతు పెట్టింది. మంచి షరతు.

గురువారం హాలులో వరుస వస్తేగాని ఎగరేయకూడదు. తేలికవాటికి వేరే సమయం, బరువువాటికి వేరే సమయం. పెద్దాయన త్రాసుమీద పెట్టి చూసి, అంకెను ఒకటికి రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా పక్కకు జరిగి దారి ఇచ్చాడు. మావాడు చేతిలోంచి వదిలాడు. అది ఎగిరింది అనడంకంటే గాలిలో నడిచింది అనడం సబబు. మనం పక్కన జోరుగా నడిస్తే దానితో మాట్లాడుతూ వెళ్లవచ్చు. మొదటి మలుపు వెడల్పయింది. రెండోది కుదిరింది. నాలుగో చుట్టుకు వాడి భుజాలు కిందకు దిగాయి; అప్పటిదాకా చెవులదాకా బిగబట్టి వున్నాయి. ఏడో నిమిషంలో చుక్కాని ఒకవైపు అనుకుని ఇంకొకవైపు తిప్పాడు. తనవైపు ఎదురుగా వచ్చే విమానానికి కుడి ఎడమలు తారుమారవుతాయి, అందరికీ జరిగేదే. అది వచ్చి కుర్చీలో కూర్చున్న మా మరదలి భుజానికి తగిలి ఒళ్లో పడింది. ఆమె చేతిలోని టీ గూడా తొణకలేదు. 80 గ్రాముల స్పిట్‌ఫయరు తన వేగంతో వచ్చి తగిలితే ఆ దెబ్బ శక్తి దీనికి పదింతలు. ఆ లెక్క ఆమెకు నేను చెప్పలేదు. విమానాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతేనా!" అని కొడుకు చేతికిచ్చింది.

తిరుగు ప్రయాణంలో ఆ పటం నకలు ఒకటి తెచ్చుకున్నాను. మా కళాశాల పిల్లలు నలుగురు చూసి సరదా పడ్డారు. వాళ్లకు హాలు కావాలి గదా అని మా వీధి చివరి కల్యాణమండపం కొలవడానికి వెళ్లాను. ముహూర్తాలు లేని నెలల్లో అది ఖాళీగానే వుంటుంది. నలభై అడుగుల వెడల్పు. గోడకు ఐదడుగులు వదిలినా ముప్పై మిగులుతుంది, 29 గ్రాములవాడికి ధారాళం. కాని మన హాళ్లకు ఆ దేశంలో లేని చిక్కు ఒకటి వుంది, పంకాలు. పన్నెండున్నొకటి వేలాడుతున్నాయి, నేలకు పదకొండడుగుల ఎత్తున. ఆపివేసినా రెక్కలు అక్కడే వుంటాయి కనుక విమానం తొమ్మిదడుగులు దాటి లేవకూడదు. నేను టేపు పట్టుకుని పంకాల వరుసలు లెక్క రాసుకుంటూ వుంటే గుమాస్తా వచ్చి ఎంతమంది భోజనాలకు అని అడిగాడు. భోజనాలు లేవు, పంకాలన్నీ ఆపి రెండు గంటలు ఇస్తే చాలన్నాను. ఆయన కాసేపు నాకేసి చూసి, పంకాలు లేకపోయినా అద్దె తగ్గదమ్మా అన్నాడు.